నొప్పి పుడితే ఎడమచెయ్యి ఎత్తండి

(పదకొండో భాగం)

పోయినవారం పళ్ళ డాక్టరుగారిని కారులో, ఎర్రలైటు దగ్గర, నోరు తెరుచుకుని ఉండగా వదిలేశాం. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపిస్తున్న మనిషి తన నోరు మూసుకోవడం మరిచిపోయారు. పచ్చలైటు పడింది, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, ఆయన కదల్లేదు. ఎందుకంటే పక్కసీట్లో ఉన్న భార్య అప్పుడే ఒక మాట అంది. "శనివారం సాయంత్రం ఐదింటికి అక్క వచ్చి తీసుకెళ్తుంది. నేనిక తిరిగి రాను."

ఆ గొడవ ఒక చీటీతో మొదలైంది. పళ్ళ డాక్టర్ల సంఘం వార్షిక విందులో భోజనాలు ఆలస్యమయ్యాయని కార్యదర్శి ఒక ఆట పెట్టాడు. తలా ఒక చీటీ, చీటీకి రెండు గళ్ళు. మీ హాస్యానికి మీరు పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు, మీ ఇంట్లోవాళ్ళ హాస్యానికి ఎన్ని వేస్తారు. పేర్లు రాయక్కర్లేదు. నలభై రెండు చీటీలు వస్తే నలభై ఒక్కమంది తమకు తాము ఏడుకి తగ్గకుండా వేసుకున్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవరి జోకు వాళ్ళకి ముద్దు. మన డాక్టరుగారు తొమ్మిది వేసుకున్నారు, ఆ ఒక్కటీ వినయం కోసం తగ్గించారు. భార్యకి ఒకటి వేశారు. నలభై రెండో చీటీలో మాత్రం సున్న ఉంది. కార్యదర్శి దాన్ని పైకెత్తి చూపించగానే డాక్టరుగారు కూర్చున్నచోటి నుంచే కేక వేశారు. "అది మా ఆవిడే అయివుంటుంది!" హాలంతా గొల్లుమంది. ఆవిడ లేచి నిలబడి, "అవునండీ, నేనే" అని మళ్ళీ కూర్చుంది. ఆ తర్వాత కారెక్కేదాకా ఇంకో మాట మాట్లాడలేదు.

ఇక శనివారం వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి, క్లినిక్ వెనకే ఉన్న ఇంట్లో, ఆవిడ పెట్టె సర్దుకుంటోంది. పెట్టెకి కట్టిన తాడు ముడి చేతులకి రాక పళ్ళతో లాగింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ క్లినిక్ గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది, పళ్ళతో ముళ్ళు విప్పకండి, సీసామూతలు తీయకండి అని. ఆ రాసింది కూడా ఆవిడే. కుడివైపు కిందిపన్ను సగం విరిగి చేతిలోకి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆ పంటికి ఫిల్లింగు వేసింది ఆయనే.

"ఇంకెవరి దగ్గరికైనా వెళ్తావా?" అన్నారాయన గుమ్మంలో నిలబడి. ఆ గొంతులో బెదురుంది.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి" అంది ఆవిడ, దవడ పట్టుకుని.

వెనకాల నిలబడ్డ నర్సమ్మ కిసుక్కుమంది. నర్సమ్మ ఈ క్లినిక్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది, ముఖం ఎప్పుడూ ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. అలాంటి మనిషి నవ్వినా డాక్టరుగారికి ఎందుకో అర్థం కాలేదు. సామెతే కదా చెప్పింది అనుకున్నారు. తనకి కాక ఇంకొకరికి కూడా హాస్యం ఉండవచ్చనే ఆలోచన ఆయనకి తట్టే అవకాశమే లేదు.

పైగా ఆయన బుర్రలో అప్పటికే ఒక పథకం తయారైపోయింది. మూడు గంటలు టైముంది. మనిషి తన కుర్చీలోనే పడుకుని ఉంటుంది, లేచిపోవడానికి లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నవ్విస్తే చాలు. నవ్విన మనిషి పెట్టె పట్టుకుని వెళ్ళదు. ఈ లోకంలో తనకి బాగా వచ్చిన పనులు రెండే అని ఆయన నమ్మకం, పళ్ళు బాగుచెయ్యడం, మనుషుల్ని నవ్వించడం. మొదటిదాని విషయంలో నమ్మకం నిజమే.

ఆ క్లినిక్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. లోపల వైద్యం చేసే గది, బయట కార్డులు రాసే గది, మధ్యలో ప్లైవుడ్ గోడ. గోడలో కార్డు పట్టేంత సందు. బయటి బల్ల దగ్గర ఆవిడ కూర్చుంటుంది. లోపల ఆయన రోగి నోట్లో దూది కుక్కి, ఉమ్మి లాగే గొట్టం తగిలించి, జోకులు మొదలుపెడతారు. పాపం అవతలివాడు "హా... హా..." అంటాడు. నోరు తెరిచి పడుకున్నవాడు ఇంకేమనగలడు? డాక్టరుగారి లెక్కలో అది నవ్వే. రోగి బయటికి వెళ్ళిన రెండు నిమిషాలకి గోడవతల నిజంగానే పకపకలు వినిపిస్తాయి. "చూశావా, ఇప్పుడెక్కింది జోకు" అంటారు నర్సమ్మతో, చేతులు కడుక్కుంటూ.

కానీ ఒక్క విషయంలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ ముందుగా ఒక మాట చెబుతారు. "నొప్పి పుడితే ఎడమచెయ్యి ఎత్తండి. నేను ఆపేస్తాను." ఇరవై ఆరేళ్ళలో చెయ్యి లేచాక డ్రిల్లు ఆగని రోజు లేదు. చిన్నపిల్లలు ఆటకి ఎత్తినా ఆపారు.

ఆవిడ కుర్చీలో పడుకుంది. దీపం ముఖం మీదికి దింపారు. "నొప్పి పుడితే ఎడమచెయ్యి..." అని మొదలుపెట్టి, తనకే నవ్వొచ్చి ఆగారు.

"ఎత్తుతాను" అంది ఆవిడ.

ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాలు ఆగారు. సగం పెదవి, సగం నాలుక మొద్దుబారాయని చెప్పింది. దూది పెట్టారు, నర్సమ్మ గొట్టం తగిలించింది. డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"మా ఆవిడకి పంటినొప్పే రాదండీ" అన్నారు ఎప్పటిలాగే, పడుకున్నది ఎవరో మరిచిపోయి. "ఆ నోటికి విశ్రాంతి ఉంటేగా, నొప్పి వచ్చి కూర్చోడానికి!"

ఎడమచెయ్యి లేచింది.

"నొప్పా? ఇంకా డ్రిల్లు పెట్టందే!" ఆయన కంగారుపడి నోటి అద్దం వెనక్కి తిప్పి, కాడతో పంటి మీద మెల్లగా తట్టారు. "ఇక్కడా? ఇక్కడా?" ఆవిడ తల అడ్డంగా ఊపింది. అయినా ఎందుకైనా మంచిదని ఇంకో చుక్క మత్తు ఎక్కించారు. మళ్ళీ ఆగారు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నారు.

"మా ఆవిడ అలిగితే ఇల్లంత ప్రశాంతమైన చోటు ఇంకోటి ఉండదండీ. అందుకే సెలవు కావాలనుకున్నప్పుడల్లా నేనే..."

చెయ్యి లేచింది.

"చెయ్యి ఎత్తారండీ" అంది నర్సమ్మ.

"కనబడుతోంది." డ్రిల్లు ఆపారు. ఆయన నుదురు ముడిపడింది. ఈసారి ఏమీ మాట్లాడకుండా పని మొదలుపెట్టారు. పాత ఫిల్లింగు తొలిచారు, పుచ్చు గీకారు, నరం దాకా వెళ్ళారు. ఐదు నిమిషాలు డ్రిల్లు కూతపెడుతూనే ఉంది. ఆవిడ చెయ్యి కుర్చీ మీద కదలకుండా ఉంది. కార్యదర్శి బట్టతల మీద ఒక జోకు వేసి చూశారు. చెయ్యి కదల్లేదు. తన సొంత పొట్ట మీద ఒకటి వేశారు. కదల్లేదు.

అప్పుడు డ్రిల్లు పూర్తిగా పక్కన పెట్టి, చాలా మెల్లగా, "మా ఆవిడ..." అని మాత్రం అన్నారు.

చెయ్యి లేచింది.

నొప్పి ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్క పన్నూ తట్టి చూడడం ఆయన వృత్తి. దొరికింది. దొరికాక ఏం చెయ్యాలో మాత్రం ఆయన చదువులో లేదు. గోడవతల ఆ బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళలో ఇరవై నాలుగేళ్ళు కూర్చున్నది ఈ మనిషే. ప్లైవుడ్ ఏ మాటకీ అడ్డం కాదు. ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి తనమీద చెప్పిన ప్రతి జోకూ వింది, వాళ్ళు బయటికి వచ్చి తన ముఖం వంక ఆరా తీస్తున్నట్టు చూస్తుంటే వాళ్ళ కార్డు మీద తేదీ రాసి చేతికిచ్చింది.

"సరదాకి అన్నవే" అన్నారు, ఎవరితోనో. "అందరూ నవ్వారు కదా! నేనొక్కణ్ణే చెప్పడం కాదు, బయటికి వెళ్ళాక కూడా నవ్వేవాళ్ళు. నాకిక్కడికి వినబడేది. నర్సమ్మా, నువ్వు చెప్పు."

నర్సమ్మ గొట్టం వైపు చూస్తూ నిలబడింది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు, నిజం చెప్పమని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

"అవి మీ జోకులకి కాదండీ."

"మరి?"

"అమ్మగారు కార్డు చేతికిస్తూ ఏదో ఒకటి అనేవారు."

"ఏమనేది?"

"రకరకాలుగా... 'పంటినొప్పి సాయంత్రానికి తగ్గిపోతుంది, చెవిలో జోరీగకి మాత్రం మందు లేదండీ, నేనూ వాడి చూశాను' అని. అలాంటివి. ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్కటి. చెప్పింది మళ్ళీ చెప్పేవారు కాదు." నర్సమ్మ తల దించుకుంది. "నవ్వలేక దవడ పట్టుకుని వెళ్ళేవారండీ జనం."

డాక్టరుగారు చిన్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయారు. ఇరవై నాలుగేళ్ళ చప్పట్లు ఒక్క వాక్యంతో వేరేవాళ్ళవి అయిపోయాయి. పైగా ఆ వేరేవాళ్ళకి ఆయన పదికి ఒకటి వేశారు. ఇంకెవరైనా అయితే అక్కడితో నోరు మూసుకునేవారు. ఆయనకి మాత్రం భయం వేసినప్పుడు తెలిసింది ఒక్కటే పని. గడియారం వైపు చూశారు, మూడున్నర. తన దగ్గరున్న జోకుల్లో అన్నిటికంటే మంచిదని నమ్మినది, ఏ రోజూ గురి తప్పనిది, అందులో ఆవిడ ఊసే లేనిది ఒకటుంది. దాన్ని బయటికి తీశారు.

"పిల్లలెంతమందని అడుగుతుంటారండీ నన్ను" అన్నారు, నవ్వు తెచ్చిపెట్టుకుని. "ముప్పై రెండుమంది! అందరికీ తెల్లబట్టలే. రెండుపూటలా స్నానం చేయించాలి, లేకపోతే..."

ఈసారి చెయ్యి పైకి లేవలేదు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా పట్టుకుంది. రెండోచేత్తో నోట్లో దూది లాగేసి, లేచి కూర్చుంది.

"అది మొదటిసారి ఎప్పుడు చెప్పారో గుర్తుందా?"

సగం నాలుకతో వచ్చిన మాటలు. అయినా ప్రతి అక్షరమూ అర్థమైంది.

"ఎప్పుడో... పాతదే..."

"నేను ఆస్పత్రి నుంచి వచ్చిన మూడోవారం. ఏడోనెల బిడ్డని అక్కడ వదిలేసి ఖాళీ చేతులతో వచ్చిన మూడోవారం. ఇంట్లో ఉంటే కుట్టుకున్న చిన్నచిన్న చొక్కాలు కనబడుతున్నాయని పనిలోకి వచ్చాను. ఆ రోజే. కుర్చీలో రైలు గార్డు ఉన్నాడు. పిల్లలెంతమంది డాక్టరుగారూ అని అడిగాడు. ఆయనకేం తెలుసు పాపం. మీరు చెప్పారు, ముప్పై రెండుమంది అని. ఆయన నవ్వాడు. నేను గోడవతల ఆయన కార్డు మీద తేదీ రాస్తున్నాను. మూడుసార్లు తప్పు రాసి కొట్టేశాను."

ఉమ్మి లాగే గొట్టం ఊరికే గాలి పీలుస్తూ గురగురమంటోంది. నర్సమ్మ దాన్ని ఆపేసింది.

"నేనూ నవ్వానమ్మా ఆ రోజు" అంది. ముఖం కొంగులో దాచుకుని బయటికి వెళ్ళిపోయింది.

డాక్టరుగారు తన చేతుల వైపు చూసుకున్నారు. ఇంకా తొడుగులు ఉన్నాయి.

"ఆ రోజు నాకు గుర్తుంది" అన్నారు చివరికి. "మరిచిపోయానని నువ్వనుకోవడంలో తప్పులేదు గానీ, నాకు గుర్తుంది. అతను అడిగినప్పుడు నా చేతిలో సూది ఉంది, అతని చిగురులో ఉంది. చెయ్యి వణికింది. ఇంకొంచెం వణికితే చీలిపోయేది. నోటికేదొస్తే అది అన్నాను. అతను నవ్వాడు. నా చెయ్యి నిలిచింది. ఏడవలేక అన్నానే నేను. ఆ తర్వాత ఎవరు అడిగినా, చెయ్యి వణికినప్పుడల్లా అదే చెప్పాను. జనం నవ్వుతున్నారు కదా, బాగుందేమో అనుకున్నాను. తరవాత్తరవాత నిజంగానే జోకు అనుకున్నాను."

"మీ చెయ్యి నిలిచింది" అంది ఆవిడ. "నా చెయ్యి ఎవరు నిలబెట్టారు?"

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్ళు అంటే ఆయన ఎన్నిసార్లో వెక్కిరించారు. ఒక్క విధం చాలని ఇప్పుడు తెలిసింది.

"మరి ఇంతమందిని నవ్వించిన దానివి" అన్నారు, "నీకు నువ్వు సున్న ఎందుకు వేసుకున్నావు?"

"అక్కడందరూ నవ్వించినదానికి మార్కులు వేసుకున్నారు. నేను నవ్వినదానికి వేసుకున్నాను." ఆవిడ దీపం పక్కకి నెట్టింది. "మన దగ్గరికి వచ్చేవాళ్ళు నొప్పితో వస్తారు, పోతూపోతూ ఒక మంచిమాట. అది నా ఉద్యోగం. నాకు నవ్వు వచ్చి ఇరవై ఒక్కేళ్ళయింది. ఎన్ని మార్కులు వేసుకోమంటారు?"

"నాకెన్ని వేశావు?"

"ఆ గడి ఖాళీగా వదిలేశాను. పెళ్ళయిన కొత్తలో ఒకాయన ఉండేవాడు, ఈ పంటికే ఫిల్లింగు వేస్తూ, నాకంటే ఎక్కువ భయపడి, వేలు తెచ్చి నా పళ్ళకింద పెట్టాడు. కొరికేశాను. ఇద్దరం కిందపడి నవ్వాం. ఆయనకి వేద్దామనుకున్నాను. ఆయన హాల్లో లేడు."

డాక్టరుగారు చూపుడువేలు వైపు చూసుకున్నారు. తొడుగు కింద ఆ మచ్చ ఇంకా ఉంది. ఆ కథ ఆయన ఎవరికీ చెప్పలేదు. తన జోకుల్లో లేని ఒకే ఒక్క నవ్వు అది.

"పడుకో" అన్నారు. "పన్ను అలా తెరిచి వదలకూడదు."

ఆవిడ ఒక్కక్షణం చూసి పడుకుంది. ఆయన దూది మార్చారు, గొట్టం తనే పట్టుకున్నారు, తాత్కాలికంగా పెట్టే మందు కలిపి పంట్లో నింపారు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. క్లినిక్ పెట్టినప్పటి నుంచీ ఆ గది అంతసేపు నిశ్శబ్దంగా ఉన్నది లేదు. ఆవిడ ఎడమచెయ్యి కుర్చీ మీద కదలకుండా ఉంది. కళ్ళు మూసుకునే ఉంది. రెండు కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి, కుడివైపు మొద్దుబారిన చెంప మీద కారినది ఆవిడకి తెలియలేదు. ఆయన దూది తీసుకుని తుడిచారు.

"ఇది ఎన్నాళ్ళుంటుంది?" అంది లేచి నోరు పుక్కిలించి.

"పది రోజులు. మించితే ఊడిపోతుంది. ఈలోగా ఎక్కడో ఒకచోట చూపించుకోవాలి." *ఇక్కడికే రా* అనలేదు.

అలవాటైన పాదాలు ఆవిణ్ణి బయటిగదిలోకి, తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళాయి. రోగి వెళ్ళేముందు కార్డు రాయాలి, రాసేది ఎప్పుడూ ఆవిడే. నర్సమ్మ గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ సొరుగు లాగి కొత్త కార్డు తీసింది, కలం తీసింది. ఆయన వెనకాలే వచ్చి, రోగులు నిలబడేచోట నిలబడ్డారు. బల్లకి ఇవతల నిలబడడం ఆయనకి అదే మొదటిసారి.

"ఆ రోజు ఆస్పత్రిలో" అన్నారు, "కాగితాల మీద సంతకాలు పెట్టమన్నారు, పెట్టాను. లోపలికి వచ్చి చూడమన్నారు. నేను రాలేదు. వరండాలో కాపలా అతనితో ఏదో జోకు వేస్తూ నిలబడ్డాను. పాపో బాబో కూడా నేను నిన్ను అడగలేదు."

"అడగలేదు."

"ఇరవై ఒక్కేళ్ళు అడగలేదు."

"అడగలేదు" అంది ఆవిడ మళ్ళీ.

"ఇప్పుడు అడగచ్చా?"

ఆవిడ ఆయన్ని చాలాసేపు చూసింది. ముఖంలో ఎక్కడైనా ఒక మూల నవ్వు దాక్కుందేమోనని వెతికినట్టు చూసింది. దొరకలేదు. సగం నాలుకతో ఆ మాట పలకడం ఇష్టంలేక కాబోలు, తల వంచి కార్డు మీద రాయడం మొదలుపెట్టింది.

ఆ క్లినిక్ కార్డు మీద మూడే గీతలుంటాయి. మొదటిది పేరు. ఆవిడ తన పేరు రాయలేదు. రెండక్షరాల పేరు రాసింది, ఆడపిల్ల పేరు, ఆయన ఇంతవరకూ వినని పేరు. అది నేనిక్కడ రాయను, ఆయన ఇంకా పైకి చదవలేదు. రెండో గీత వయసు. అక్కడ *ఇరవై ఒకటి* అని అంకెల్లో కాకుండా అక్షరాల్లో, తొందరపడకుండా రాసింది.

డాక్టరుగారు బల్ల అంచు పట్టుకున్నారు. కొట్టివేత ఒక్కటీ లేదు.

మూడో గీత, మళ్ళీ రావలసిన తేదీ. కలం దాని మీదికి వచ్చి ఆగింది. వీధిలో కారు వచ్చి ఆగిన చప్పుడైంది. హారన్ ఒకసారి మోగింది. అక్కగారు పావుగంట ముందే వచ్చేశారు. హారన్ రెండోసారి మోగింది. ఆవిడ కలం మూతకోసం బల్ల మీద వెతుక్కుంది, మూత దొరికింది.

డాక్టరుగారు ఏదో అనబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

ఆయన తన ఎడమచెయ్యి ఎత్తారు.